నాకు వినబడని కూత

విజిల్ ఊదేశాను. ఊదేశాక గానీ తెలియలేదు, గీత చుట్టూ కూర్చున్న జనమంతా ఒక్కసారే నా మీదికి లేచారని.

“ఏవండోయ్ అంపైర్ గారూ, చెవుల్లో దూది పెట్టుకొచ్చారేంటండీ?”

“కూత ఆగలేదు కదండీ! ఇంతమందిమి వింటన్నాం కదండీ!”

“పడవెక్కించి, పీతల కూర పెట్టి మరీ తెచ్చుకున్నామండీ ఈవిణ్ణి. మనల్ని ఓడించడానికి!”

మా వైపు తిట్టినా ‘అండీ’ తగిలించే తిడతారు. అంపైరైన కొత్తలో నాకు నవ్వొచ్చేది. పోను పోను తెలిసింది, ఆ అండీ కూడా గుచ్చుకుంటుందని. నేను మాత్రం చెయ్యి దించలేదు. కూతకొచ్చినవాడు అవుటని చూపిస్తూ అలాగే నిలబడ్డాను. ఎదురుగా కోర్టులో మనుషుల కుప్ప. అవతలి జట్టంతా ఒక్కడి మీద పడి ఉంది. కిందున్నవాడి చెయ్యొక్కటే బయటికి కనబడుతోంది, మధ్య గీతకి జానెడు దూరంలో, వేళ్ళు చాపుకుని.

కబడ్డీ చూడనివాళ్ళ కోసం ఒక్క ముక్క. కూతకి వెళ్ళినవాడు ఒకే ఊపిరి మీద ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే ఉండాలి. అవతలివాళ్ళు పట్టేసినా సరే, కూత ఆపకుండా ఈడ్చుకొచ్చి మధ్య గీత ముట్టుకున్నాడంటే గెలిచినట్టే. కూత తెగిందంటే అవుట్. తెగిందో లేదో చెప్పాల్సింది మేమే. అందుకే జనం ఆటని కళ్ళతో చూస్తారు, మేం చెవులతో చూస్తాం. మనుషులు కుప్పగా పడినప్పుడు నేను వంగుని, కళ్ళు సగం మూసుకుని, ఆ కిందున్న గొంతు ఒక్కదాన్నే పట్టుకుంటాను. మిగతా ఊరంతా అప్పుడు నాకు ఉండదు.

ఆ సాయంత్రం కూడా అలాగే పట్టుకున్నాను. గొంతు ఆగిపోయింది. తగ్గి తగ్గి ఆగడం కాదు, గిన్నె మీద ఎవరో మూత పెట్టినట్టు ఆగింది. ఊదాను. అంతే.

అది కొల్లేటి మధ్యలో ఓ లంక ఊరు. మండవల్లి దాటాక చేపల చెరువుల గట్ల మీద ఆటోలో ఎగిరెగిరి పడి, ఆఖర్న పడవెక్కితే గానీ రాదు. అక్కడి చర్చిలో కోత పండుగ. వరి పండే ఊళ్ళలో అయితే వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఇక్కడ కొరమీను, శీలావతి చేపలు తెస్తారు. ఆదివారం పొద్దున్న ఆరాధన, దానికి ముందు రోజు కబడ్డీ. నేను తాడేపల్లిగూడెంలో బట్టల షాపులో పనిచేస్తాను. ఇంటర్ మధ్యలోనే ఆపేశాను గానీ కబడ్డీ ఆపలేదు. ఆడడం అయిపోయాక అంపైర్ పరీక్ష పాసయ్యాను. షాపు ఓనరు గారిని బతిమాలుకుని, శనివారాలు ఇలా తిరుగుతుంటాను. నాతో వచ్చిన రెఫరీ మా మాస్టారు, ఏలూరులో రిటైరైన డ్రిల్లు మాస్టారు. నాకు ఆట నేర్పింది ఆయనే.

ఈ పనిలో మనకి థాంక్స్ చెప్పేవాళ్ళుండరు. గెలిచినవాళ్ళు తామే గెలిచామనుకుంటారు. ఓడినవాళ్ళు మనమే ఓడించామనుకుంటారు. మొదటి ఏడాది అత్తిలిలో ఒక కోచ్ గారు అన్న మాటలకి బస్సులో ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చి, విజిల్ తీసి బియ్యం డబ్బాలో పడేశాను. మా ఊరి పాస్టరమ్మగారు చూశారు.

“దేవుడికి స్తోత్రం చెప్పావా?” అన్నారు.

“తిట్టినందుకు కూడా చెప్తారేంటండీ?”

“తిట్టినందుకని ఎవరన్నారే? అక్కడ ఇంకేమీ లేదా? పొద్దుట్నుంచి ఎండలో నిలబడ్డావు, నీకొక్కటీ కనబళ్ళేదా?”

“సరే, అన్నిటికీ స్తోత్రం,” అన్నాను విసుగ్గా.

“అన్నిటికీ అనకు. అది బద్ధకం. ఒక్కోదాన్నీ పేరు పెట్టి చెప్పు. చూసినదాన్నే చెప్పు, చూడనిదాన్ని చెప్పకు. గ్రౌండులో విజిల్ ఎలా ఊదుతావో అలాగే.”

అప్పట్నుంచి అదో అలవాటైపోయింది. జనం అరుస్తుంటే నేను లోపల పేర్లు పెడుతుంటాను. గీతలు చెరగకుండా సున్నం గట్టిగా పోసినవాడికి స్తోత్రం. మంచినీళ్ళ బిందె నీడలో పెట్టిన ముసలమ్మకి స్తోత్రం. ఈ పొడుగాయన నన్ను తిడుతూ కూడా గీత దాటి లోపలికి రాలేదు, ఆయనకి స్తోత్రం. అలా చెప్పుకుంటుంటే కాళ్ళు వణకడం తగ్గుతుంది. ఇంకొకటి కూడా జరుగుతుంది. పేరు పెట్టాలంటే చూడాలి కదా. చుట్టూ ఉన్నవన్నీ కనబడడం మొదలవుతాయి.

ఆ సాయంత్రం కూడా చెయ్యి పైకెత్తి పేర్లు వెతుక్కుంటున్నాను. చూడబోతే పెద్దగా ఏమీ కనబడ్డం లేదు. నీళ్ళ మీంచి మంచు లేచి గట్టు ఎక్కేసింది. గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి, పడవలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు, అయినా లైట్లు వేశారు. ఆ లైట్ల చుట్టూ తెల్లగా పొగలా ఉంది. అరుస్తున్నవాళ్ళకి మొహాల్లేవు, నోళ్ళే ఉన్నాయి. గీత పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ మాత్రం అరవడం లేదు. మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను, ఆవిడ ఆట వైపు కూర్చోలేదు. కోర్టుకి వీపు పెట్టి, నీళ్ళ వైపు తిరిగి, తల కొంచెం వంచుకుని కూర్చుంది. చూడ్డానికి రాలేదు, వినడానికి వచ్చింది.

కుప్ప విడింది. అవతలి జట్టువాళ్ళు ఒక్కొక్కరే లేచి ఒంటికంటిన మట్టి దులుపుకుంటున్నారు. ఆఖరివాడు లేచాక కూడా కిందున్నవాడు లేవలేదు.

“లెగరా, ఓడిపోయాంలే,” అన్నారు ఎవరో.

అక్కడి నేల పైకి ఎండినట్టే ఉంటుంది. ఎంతైనా ఎండబెట్టిన చేపల చెరువులో గీసిన కోర్టు కదా, పైపెచ్చు పగిలితే లోపలంతా మెత్తటి ఒండ్రు. ఇంతమంది బరువుకి పెచ్చు పగిలిపోయింది. వాడి మొహం చెవులదాకా మట్టిలో ఉంది.

మాస్టారు ఒక్క అంగలో వెళ్ళి వాణ్ణి వెల్లకిలా తిప్పారు. మొహం లేదు, నల్లటి ముద్ద. “వేళ్ళు పెట్టి తియ్యమ్మడూ, నీ వేళ్ళు సన్నంగా ఉంటాయి,” అన్నారు. నోట్లోంచి, ముక్కులోంచి తీశాను. చల్లగా ఉంది ఆ మట్టి, చేప వాసన. మాస్టారు గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతుంటే నేను తీస్తూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. వాడి ఒళ్ళు ఒక్కసారి ఎగిరింది. దగ్గి, నల్లగా కక్కుకుని, ఏడ్చాడు. పందొమ్మిదేళ్ళవాడు, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అంత మంచి శబ్దం నేను వినలేదు.

అప్పుడు నాకు స్తోత్రాలు కొల్లలుగా రావాలి. కానీ అప్పుడే ఒక మాట పడింది. పైన పడినవాళ్ళలో ఒకడు, అవతలి ఊరి కుర్రాడు, ఏడుస్తున్నవాడి నోటివైపే చూస్తూ అన్నాడు.

“మరి కూత ఎవరు పెట్టారండీ?”

పక్కవాళ్ళు వాణ్ణి ఎగాదిగా చూశారు.

“నేను ఈడి మీదే ఉన్నానండి. నా చెవి పక్కనే విన్నానండి. ఊపిరి కూడా తగిలింది. చల్లగా తగిలిందండీ.”

“చెరువుల్లో గాలి మిషన్లేమోరా, నీళ్ళు కొడుతుంటే దూరం నుంచి అలాగే ఉంటది,” అన్నారొకరు.

“ఏ చెరువులో? చేపల పట్టుబడులై ఎండబెట్టేశాం కదా అన్నీ.”

ఇంకొకడు ఫోన్లో వీడియో తీశాడు. అందరూ దాని మీదికి వంగారు. ఈలలు, కేకలు, మధ్యలో నా విజిలు. కొందరు ‘అదిగో’ అన్నారు, కొందరు ‘ఏదీ’ అన్నారు. మళ్ళీ పెట్టమని ఎవరూ అడగలేదు. మైకులో వ్యాఖ్యానం చెప్పే అబ్బాయి చడీచప్పుడు లేకుండా మైకు కట్టేశాడు. ఇందాక నన్ను తిట్టిన పొడుగాయన కండువా తలకి చుట్టుకుని, నా వైపు చూడకుండా, “వెళ్ళొస్తామండీ,” అని వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరూ మంచులోకి వెళ్ళిపోతుంటే, రెండు మూడడుగులకే మాయమవుతుంటే, నాకు వాళ్ళని వెనక్కి పిలవాలనిపించింది.

నీళ్ళ వైపు తిరిగి కూర్చున్న ఆవిడ అప్పుడు లేచి వచ్చింది. ఆవిడ ఈ కుర్రాడి తల్లే. కొడుకు మొహం చీరకొంగుతో తుడిచి, వాడు ఊపిరి పీలుస్తున్నాడో లేదో అరచెయ్యి పెట్టి చూసుకుని, నా దగ్గరికి వచ్చింది.

“అది మా పెద్దోడి కూతమ్మా,” అంది.

పెద్దకొడుకు సంగతి మాస్టారు పడవలో వస్తూ చెప్పారు. ఈ లంక మొత్తానికీ పేరున్న ఆటగాడు. నిరుడు తుఫానులో చెరువు గట్టు తెగుతుంటే ఇసుక బస్తాలు వెయ్యడానికి వెళ్ళి జారిపోయాడు. గుర్రపుడెక్క కింద దొరికాడు. వాడి కూత మధ్యలో ఎక్కిలి లాంటి విరుపు ఒకటి ఉండేదట. ఊళ్ళో ఎవరైనా గుర్తుపట్టేస్తారట.

“ఆ యిరుపు ఇన్నానమ్మా. తమ్ముడి ఊపిరి ఆగిపోతే కూత ఆడు అందుకున్నాడు. నేను రేపు పొద్దున్న చర్చిలో సాక్ష్యం చెప్పాల. ఆడు పోయిన కాడ్నించి నేను గుడిలో నోరు తెరవలేదు. దేవుడికి థాంక్సు చెప్పడానికి నాకేం లేదమ్మా ఈ ఏడాదంతా. ఇప్పుడొకటి దొరికింది.” నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళకి ఇంకా ఆ మట్టి ఉంది. “ఊరోళ్ళ మాట నాకొద్దు. ఆళ్ళు జాలికి చెప్తారు. నువ్వు అంపైరువి. కూత ఉందో లేదో నువ్వు చెప్పిందే మాట. ఇన్నావా, లేదా?”

“పొద్దున్నే చెప్తానండి పిన్నిగారూ,” అన్నాను. అదేం సమాధానమో నాకే తెలియదు. ఆవిడ మాత్రం తలూపింది. పెద్ద మ్యాచి తీర్పుకి టైమడిగినట్టే అనుకుంది.

ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూసి, ఊపిరి బాగానే ఉంది, పొద్దున్నే ఏలూరు తీసుకెళ్ళి చూపించండన్నాడు. ఆ మంచులో పడవలు కట్టేశారు. మాకు ఆ ఊరి పాస్టరుగారింట్లో పడక. అన్నాల దగ్గర పాస్టరుగారు ఆ సంగతి ఎత్తలేదు. చనిపోయినవాళ్ళు నిద్రలో ఉంటారు, తిరగరు అని మా నమ్మకం. ఆయన కూడా ఆటకి వచ్చారు, గీత పక్కనే కూర్చున్నారు. ఏమైనా విన్నారా అని అడుగుదామని ఆయన మొహం చూశాను. మజ్జిగ వేసుకోవడంలోనే ఉండిపోయారు.

చెయ్యి కడుక్కుంటుంటే మాస్టారు పక్కకొచ్చారు. “విన్నానని చెప్పెయ్యమ్మడూ. ఏం పోయింది మనది? ఆ తల్లి ఏడాదికి నోరు తెరుస్తుంది.”

“నేను వినలేదు కదండీ మాస్టారూ.”

“వినలేదని ఎలా చెప్పగలవు? ఊరంతా విన్నారు.”

“మీరు?”

ఆయన చెంబు కింద పెట్టారు. “నేను అవతలి గీత మీదున్నాను,” అన్నారు. తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, “విన్నానమ్మడూ. ముందటేడు ఈ కోర్టులోనే ఆ కుర్రాడికి నేను రెఫరీని. ఆ విరుపు నాకు తెలుసు. ఇందాక విజిలు నోటిదాకా తెచ్చుకుని కూడా ఊదలేదు, కూత వినబడుతోంది కదాని.”

మా మాస్టారు అబద్ధం చెప్పరు. చెప్పి ఉంటే బాగుండేది.

అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఊరంతా విన్నది నాకెందుకు వినబడలేదు? చెవులు పోయాయా అంటే అన్నీ వినబడుతున్నాయి. మంచు బొట్లు రేకుల మీంచి జారడం, పక్క గదిలో పాస్టరుగారి పాప దగ్గు, దూరంగా గూడబాతుల రెక్కల చప్పుడు. దుప్పటి ముసుగు తన్ని స్తోత్రాలకి పేర్లు పెడదామని కూర్చున్నాను. కుర్రాడు బతికాడు, స్తోత్రం. మాస్టారి చేతులకి స్తోత్రం. నా సన్నటి వేళ్ళకి స్తోత్రం. ఆ తర్వాతది విజిలు. విజిలుకి స్తోత్రం చెప్పాలంటే ముందు ఎందుకు ఊదానో చెప్పాలి. నిశ్శబ్దం విన్నాను కాబట్టి ఊదాను. రేపు వెళ్ళి కూత విన్నానని ఆవిడతో అంటే, విన్నదానివి ఎందుకు ఊదావే అని ఆవిడే అడగదూ? వినలేదంటే, ఏడాదికి ఆ తల్లి చేతికి దొరికింది నేను లాక్కున్నట్టే. ఎటు పోయినా పాస్టరమ్మగారి మాట అడ్డమొస్తోంది, చూసినదాన్నే చెప్పు అని.

మర్నాడు పొద్దున్న చర్చి గంటకి ముందే లేచి ఆవిడ ఇంటికి వెళ్ళాను. మంచు అలాగే ఉంది. ఇల్లు నీళ్ళ అంచున, ఆఖరిది. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది, తెల్లచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని. పక్కన బకెట్లో కొరమీను మెల్లగా తిరుగుతోంది, కోత పండుగకి. లోపల చిన్నకొడుకు నిద్రపోతున్నాడు, ఊపిరి పైకే వినబడుతోంది.

“ఏం తేల్చావమ్మా?”

“వినబడలేదండి పిన్నిగారూ.”

“కొంచెం కూడా?”

“కొంచెం కూడా లేదండి. మూత పెట్టినట్టు ఆగిపోయింది. అందుకే ఊదాను. మీకోసం ఇంకోలా చెప్దామనుకున్నాను గానీ, చెప్పలేనండి.” నాకు ఏడుపొచ్చేసింది. వాగుడుకాయని, మొదలెడితే ఆపలేను. “మాస్టారు విన్నారంట. అందరూ విన్నారు. నాకే వినబడలేదు. ఎందుకో నాకు తెలీదండి.”

ఆవిడ బకెట్లోకి చూస్తూ కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను. పొమ్మంటుందనుకున్నాను.

“ఊరందరికీ ఇనబడింది. నీకొక్కదానికే ఇనబళ్ళేదు,” అంది, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

“అవునండి.”

“ఇనబడుంటే ఊదేదానివా?”

“ఊదేదాన్ని కాదండి.”

“ఊదకపోతే?”

లోపల కుర్రాడు నిద్రలో దగ్గాడు. మట్టి ఇంకా ఉన్నట్టుంది గొంతులో.

“అయితే ఆడు నీ కాడ ఆపాడమ్మా,” అంది ఆవిడ. అన్నం ఉడికిందన్నంత మామూలుగా అంది. “కూత నీదాకా రాకుండా మూసేశాడు. ఊదేది నువ్వే కదా. ఎవరికి ఇనబడకూడదో ఆడికి తెలుసు.”

నేను అవునన్లేదు, కాదన్లేదు. దానికి తీర్పు చెప్పే విజిలు నా దగ్గర లేదు. ఆవిడ బకెట్ అందుకుంది. రెండో వైపు నేను పట్టుకున్నాను. చర్చిదాకా ఇద్దరం అలాగే మోసుకెళ్ళాం. చేప తోకతో కొట్టినప్పుడల్లా నా బట్టల మీద నీళ్ళు చిందాయి.

చర్చిలో ఆడవాళ్ళు జరిగి ఆవిడకి చోటిచ్చారు. అందరూ నిన్నటి మనుషులే. మొహాలున్నాయి ఇప్పుడు. పాటలయ్యాయి. చేపలు, బియ్యం, అరటిగెలలు ముందర పెట్టారు. పాస్టరుగారు నేల చూస్తూ, “సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవచ్చు,” అన్నారు.

ఆవిడ లేచి నిలబడింది. చీరకొంగు తలమీదికి లాక్కుంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఏడాది మూసుకున్న గొంతు కదా. గుడంతా తలలు దించుకుని ఎదురుచూస్తోంది, ఎవరూ దగ్గడం కూడా లేదు. ఆ నిశ్శబ్దం పెరుగుతుంటే ఆవిడ చెయ్యి గాల్లో దేనికోసమో తడుముకుంది. నా భుజం దొరికింది.

నేను లేచాను. నాది ఆ ఊరు కాదు, నన్నెవరూ లేవమనలేదు. మాస్టారు మగవాళ్ళ వైపు నుంచి, వద్దన్నట్టు తలూపారు. ఆవిడ చేతిని నా రెండు చేతుల్లోకీ తీసుకుని, ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పాను.

“నిన్న సాయంత్రం మీ ఊరి కోర్టులో, అందరికీ కూత వినబడినప్పుడు, నాకేమీ వినబడలేదండి. దానికి దేవునికి స్తోత్రం.”